తుపాకి మందు – కోనసీమ గాలి

తుపాకుల చరిత్ర వ్రాసినవారు సాధారణముగా ఇనుప గొట్టమును గూర్చియు, దానిని చేతబట్టిన సేనానులను గూర్చియు విస్తరించి వ్రాసిరే గాని, ఆ గొట్టములో ఏ పూట ఎంత మందు పోయవలెనను చిన్న ప్రశ్నను మందుకొమ్ము మోసిన అనామకులకు విడిచిపెట్టిరి. మూతినుండి మందు పోసి, గుండు జార్చి, గజముతో దట్టించి కాల్చెడి పాతకాలపు తుపాకి విషయమున ఈ ప్రశ్నయే సర్వప్రధానమైనది. తూటా పుట్టిన తరువాత ఆ నిర్ణయము కర్మాగారము చేతిలోనికి పోయినది గాని, అంతకు పూర్వము ప్రతి పేల్పునకును కాల్చువాడే నిర్ణేత. గాలిలోని తేమ, మందులోని ఉప్పుపాలు, సీసపు వెల, గొట్టపు వ్యాసము, ఎదుట నున్నది పిట్టయా మనుష్యుడా యను భేదము, ఇన్నింటిని ఒక్క చిటికెలో సమన్వయించి కొలపాత్రను వంచవలసిన భారము వానిదే. గౌతమీ వసిష్ఠల నడుమ ముక్కోణముగా నొదిగి దక్షిణమున సముద్రము నొరసి యున్న కోనసీమవంటి తడిదేశమున ఆ భారము మరింత బరువైనదని వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగువారికి తుపాకి పరిచయము పదునాఱవ శతాబ్దమున గట్టిపడినది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్తోవావ్ డి ఫిగేరెడో యను పోర్చుగీసువాడు తన తుపాకివారితో వచ్చి, కోటగోడమీద తల చూపినవారిని గుఱిచూచి కొట్టుటచేత క్రింద గోడను త్రవ్వువారికి అభయము దొరకినదని నాటి పోర్చుగీసు వృత్తాంతము చెప్పుచున్నది. అటు తరువాత తుపాకి తీరమార్గమున వచ్చినది. మచిలీపట్టణమున డచ్చివారును, వారి వెనుక 1611లో ఆంగ్లేయులును కోఠీలు కట్టిరి. గోదావరి పాయలవెంట నరసాపురముకడ మాధవాయపాలెమునను, యానామునకు చేరువ ఇంజరమునను, నేటి అల్లవరము మండలములోని బెండమూర్లంకయందును ఆంగ్లేయ వర్తకస్థానములు వెలసినవి. బట్టలు కొనుటకు వచ్చినవారు గోదాములను కాపాడుకొనుటకు తుపాకులు తెచ్చుకొనిరి. తుపాకులవెంట మందు పీపాలును రాక తప్పలేదు.

అట్లని మందు పరదేశపు వస్తువని తలపరాదు. దానిలోని మూడు ద్రవ్యములలో పెట్లుప్పు ముఖ్యమైనది. ఐరోపాలో స్థిరపడిన పాళ్ళనుబట్టి చూచినను నూటికి డెబ్బదియైదు వంతులు అదియే, బొగ్గు పదునైదు, గంధకము పది. ఈ పెట్లుప్పు హిందూదేశపు నేలలో దొరకినంత సులభముగా ఐరోపాలో దొరకలేదు. పశువులను కట్టు చోట్లను, పాత మట్టిగోడల మొదళ్ళను, జనము తరతరములుగా మసలిన దిబ్బలను వేసవిలో తెల్లగా పొంగు చవిటిమట్టిని గీకి, నీట నానబెట్టి, వడగట్టి, కాచి ఈ లవణమును దించుట ఉప్పరుల కులవృత్తులలో నొకటి. చెఱువులు త్రవ్వుటయందును, గట్లు పోయుటయందును వారి పేరు నిలిచినది గాని, సామ్రాజ్యముల ఫిరంగులకు ఆహారము వండినవారు కూడ వారును వారివంటివారునే యను సంగతి మరుగున బడినది. కుంపిణీవారు కొన్న పెట్లుప్పులో అధికభాగము పాట్నా ప్రాంతపుదే. దానికై ఐరోపా కుంపిణీలు పోటీలుపడి కలహించినవి.

బొగ్గు విషయమున దేశవాళీ పనివారి వివేకము మెచ్చదగినది. గట్టికట్టె బొగ్గు వంటకు మంచిది, మందునకు పనికిరాదు. తేలికగా, మెత్తగా, త్వరగా అంటుకొను బొగ్గు కావలెను. ఇంగ్లండులో ఇందుకు నీటియొడ్డున పెరుగు మెత్తని చెట్లను ఏరుకొనిరి; ఇచ్చట కందికట్టెయు, జిల్లేడును, మద్రాసు రాజధానిలో కాడజెముడును వాడుకలో నుండెను. ఇక గంధకము చాలవరకు ఓడలమీద వచ్చెడిది. కాని అమలాపురము తాలూకాలోనే, నేడు ఎస్.యానాం అని పిలుచు సూరసేనయానాంకడ, ఉప్పునీరు నిలిచి ఇగిరిపోవు పల్లపు నేలలో కొద్దిపాటి గంధకము దొరకునని పందొమ్మిదవ శతాబ్దపు భూగర్భశాస్త్ర గ్రంథములు పేర్కొన్నవి. అది వ్యాపారమునకు చాలినంత కాదు. అయినను అగ్నిపర్వతమన్నది లేని ఈ ఒండ్రునేలలో, మడ అడవులకును ఇసుక తిన్నెలకును నడుమ, బురదలోని గంధకపు సమ్మేళనములు తమంతట విడిపోయి పసుపుపచ్చని ధూళిగా తేలుట ఒక వింత. ఆ తీరమునకు నేడు వినోదార్థము పోవువారిలో దీని నెఱిగినవారు అరుదు.

సముద్రపు చేరువ గంధకము నిచ్చిన చేతితోనే మందునకు చెఱుపును చేసెను. శుద్ధమైన పెట్లుప్పు గాలిలోని తేమను అంతగా పీల్చదు. దానిని బాధించునది దానితో కలిసివచ్చు మామూలు ఉప్పును, ఆ ఉప్పునంటి వచ్చు ఇతర లవణములును. ఉప్పుటేఱులకు దగ్గఱి మట్టినుండి దింపిన పెట్లుప్పులో ఈ మాలిన్యము సహజముగా నెక్కువ. రెండుమూడుసార్లు కరిగించి మరల పేర్చినగాని అది వదలదు. కట్టెల ఖర్చునకు వెఱచి ఒక్క వండుతో సరిపెట్టిన మందు వేసవి పగటియెండలో చురుకుగా పేలి, శ్రావణమాసము వచ్చునప్పటికి మెత్తబడి, పొగయే గాని పట్టు లేనిదగును. కావున ఒకే మందుకొమ్ములోని మందునకు ఋతుభేదమునుబట్టి కొలత మార్చవలసి యుండెను. తెల్లకాగితముమీద చిటికెడు మందు పోసి నిప్పంటించి, కాగితము కాలకుండ మరక మిగులకుండ ఒక్క పెట్టున ఎగసిన యెడల మంచిదనియు, నల్లని బొట్లును తడియును మిగిలిన యెడల హీనమనియు నిర్ణయించు పరీక్ష దేశదేశములయందు నుండెను. యంత్రమక్కరలేని ఈ పరీక్షను మించినది సామాన్యునికి దొరకలేదు. మందు బలము తెలియనివాడు కొలత పెంచుకొనుచు పోవును. ఒకనాడు పొడిమందు చేతికి వచ్చినప్పుడు అదే పెంచిన కొలతతో గొట్టము పగులగొట్టుకొనును. దేశవాళీ తుపాకుల గొట్టములు ఐరోపావారి కనులకు అనావశ్యకముగా మందముగా తోచుటకు ఈ అనిశ్చయమే హేతువని నా తలంపు. కమ్మరి తాను చేసిన ఇనుమును శంకించి కాదు, ఇతరులు చేయబోవు మందును శంకించి గొట్టమును బలిపించినాడు.

ఈ అనిశ్చయమును గణితమునకు లొంగదీయ యత్నించిన మొదటి మహామేధావి మన తీరముననే కన్నుమూసెను. బెంజమిన్ రాబిన్స్ ఇంగ్లండులో బాత్ పట్టణమున 1707లో పుట్టినవాడు. 1742లో ప్రకటించిన తన గ్రంథమున అతడొక ఉపాయమును వివరించెను: బరువైన కొయ్యదిమ్మను లోలకముగా వ్రేలగట్టి దానిలోనికి గుండు కాల్చినచో, దిమ్మ ఎంత దూరము ఊగినదో కొలిచి గుండు వేగమును లెక్కకట్టవచ్చును. కంటికి కనబడని వేగము మొదటిసారి అంకెలలోనికి వచ్చినది. సిపాయి తుపాకి గుండు సెకనుకు పదునేడువందల అడుగుల వేగమున బయలుదేరుననియు, ఆ వేగమున గాలి దానిని అడ్డగించు శక్తి గుండు బరువునకు నూరు రెట్లకు మించి యుండుననియు అతడు చూపినప్పుడు, మందు ఎక్కువ పోసినకొలది దూరము పెరుగునను సైనికుల విశ్వాసమునకు మూలచ్ఛేదము జరిగినది. అటు తరువాత రాబిన్స్ మార్గముననే నడచి హట్టన్ అను గణితజ్ఞుడు 1775 మొదలు చేసిన ప్రయోగములు, వేగము మందు తూకముయొక్క వర్గమూలము ననుసరించి పెరుగునని నిర్ధారించినవి. అనగా మందు రెట్టింపైనను వేగము ఒకటికి ఒకటిన్నరకూడ కాదు, ఆ కొద్ది లాభమును గాలియే హరించును. గొట్టము లోపల మర త్రిప్పిన తుపాకులయొక్క ఆధిక్యమును గూర్చి 1747లో రాబిన్స్ రాయల్ సొసైటీలో చదివిన వ్యాసము, ఆ తుపాకులను ముందుగా స్వాధీనపరచుకొన్న జాతికి యుద్ధమున పైచేయి యగునని భవిష్యము చెప్పినది. ఇంతటివాని కుంపిణీవారు కోటలు బాగుచేయుటకు ప్రధాన శిల్పిగా నియమింపగా, 1750లో ఓడ దిగి, మఱుసటి సంవత్సరము జూలై 29వ తేదీన కడలూరుకడ సెయింట్ డేవిడ్ కోటలో జ్వరముచేత మరణించెను. మందుకొలతకు శాస్త్రము చేసినవానికి చోళమండల తీరపు గాలి ఒక్క యేడునకు మించి పెద్దగా ఎడమీయలేదు.

అతని సిద్ధాంతము ఫలించిన చోటు యుద్ధరంగము కాదు, అమెరికా కొండల అడవులు. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను కమ్మరులు చేసిన పొడుగు గొట్టపు మరతుపాకులు మొదట పెద్ద గుండునే కాల్చుచుండెను గాని, లేళ్ళును ఎలుగులును తగ్గి ఉడుతలును కుందేళ్ళును మిగిలినకొలది, పందొమ్మిదవ శతాబ్దమున గొట్టపు వ్యాసము అంగుళములో మూడవవంతుకు దిగినది. ఈ చిన్న తుపాకి లెక్కలను వారు గ్రెయినులలో చెప్పుదురు. 1833లో కుంపిణీ ప్రభుత్వము తులమును నూట ఎనుబది గ్రెయినులుగా నిర్ణయించినది గనుక, తులమునకు తొంబదియాఱు గురువిందలను మన కంసాలి లెక్కలోనికి వీనిని తిప్పుట సులభము. అంగుళములో నూటికి ముప్పదిరెండు వంతుల వ్యాసముగల గొట్టమునకు గుడ్డచుట్టు విడిచి పట్టు సీసపు గుండు ఇంచుమించు నలుబదియైదు గ్రెయినులు, సరిగా పావుతులము, అనగా ఇరువదినాలుగు గురువిందల యెత్తు. ఉడుతకు పదునైదు మొదలు ఇరువది గ్రెయినుల మందు చాలును. అది ఎనిమిది మొదలు పదునొకండు గురువిందలు. దూరపు గుఱికి ముప్పది గ్రెయినులు, రెండు మాషములు. దీనికి సిపాయి భుజముమీది చెకుముకి తుపాకిని సరిపోల్చి చూడుడు: ముప్పాతిక అంగుళపు గొట్టము, రెండున్నర తులములకు మించిన గుండు, నిప్పంటించు రంజకముతో కలిసి తులమునకు కొంచెము తక్కువ మందు. సిపాయి యొక్క పేల్పునకు ఒలికించు మందుతో ఉడుతలవాడు ఎనిమిదిమారులు కాల్చును. సవాశేరు సీసము తెచ్చుకొనుటకు కొండలు దిగి సంతకు పోవలసినవానికి ఈ పొదుపు విలాసము కాదు, బ్రతుకు.

పెద్ద తుపాకి అంత మందు తినుటకు దాని గుండు బరువొక్కటే కారణము కాదు. యుద్ధమున త్వరగా దట్టించుటకై సిపాయి గుండును గొట్టముకంటె సన్నగా పోసెడివారు. ఆ సందులోనుండి పొగయు బలమును ముందుగా జారిపోయెడిది. జారిపోవుదానికి పరిహారముగా మందు అధికముగా పోసెడివారు. మరతుపాకిలో గుండును నూనె పూసిన గుడ్డలో చుట్టి బిగువుగా దింపుదురు గనుక సందు లేదు, వ్యర్థము లేదు. కాని బిగువునకును శిక్ష కలదు: మందు మితిమీరినయెడల గుడ్డ కాలి చినుగును, గుండు మరను పట్టక జాఱిపోవును, పది యంగుళముల దిమ్మను తాకవలసినది పందిరంత మేర చెదరును. మితము తప్పి తగ్గినయెడల గుండు గొట్టములోనే చిక్కుకొనవచ్చును. ఈ రెండు హద్దులకును నడుమ ప్రతి తుపాకికిని దానిదైన కొలత యొకటి యుండును. ఒక గొట్టమున కుదిరినది దాని తోబుట్టువున కుదరదు. అరచేతిలో గుండు నుంచి అది మునుగువఱకు మందు పోయవలెనని పాతవేటగాండ్ర లెక్క. ఇది మొదటి అడుగునకు మాత్రమే పనికివచ్చును; తరువాత గ్రెయిను గ్రెయినుగా పెంచుచు గుఱి ఎప్పుడు చెదరునో కనిపెట్టి, దానికి లోపల ఆగవలెను. మందు పలుకును గమనింపవలసినదే. ఒకే తూకమునకు మెత్తని పలుకు త్వరగా మండి ఒత్తిడిని పెంచును, ముతకపలుకు నిదానించును. చిన్నగొట్టమునకు మెత్తనిదియు, పెద్దదానికి ముతకదియు తగును.

తెలుగుదేశపు నాటుతుపాకి నున్నని గొట్టముది. దానిలో గుండుకంటె రవ్వలే తఱచు. ఒకే కొలపాత్రతో మందొకసారి, రవ్వలొకసారి పోయవలెనను సామాన్యసూత్రము రవ్వల తుపాకులున్న దేశములన్నిట వాడుకలో నుండినదే. దీనికి కొబ్బరిదేశము చేర్చిన ఉపకరణ మొకటి కలదు: మందునకును రవ్వలకును నడుమ దట్టించు పీచుకట్ట. కాగితమును గుడ్డపేలికయు గొట్టమంతట సమముగా పట్టవు. కొబ్బరిపీచు ఒత్తిన వెంటనే గొట్టమునకు నింపుగా విప్పారి, వెనుక పొగను ముందుకు పోనీక బిగియించును. బిగువు కుదిరినచోట మందు తగ్గించుకొనవచ్చును. పేలిన తరువాత మందు తూకములో సగమునకు పైగా ఘనపదార్థమై, కొంత పొగతో వెలుపలికి పోయి, కొంత గొట్టములో మసిగా మిగులును. అది పొడిదేశములలో గట్టిపడి రెండవ గుండును అడ్డును గాని, తేమగాలిలో మెత్తగానే యుండి గజమునకు లొంగును. ఆ మెత్తదనమే రాత్రికిరాత్రి ఇనుమును తుప్పుపట్టించును. కోనసీమగాలి తుపాకికి మేలుచేసినట్లే చేసి కీడుచేయునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు.

గోదావరి మండలపు రాజకీయ చరిత్రలో మందు లెక్క నిర్ణాయకమైన ఘట్టములు కలవు. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి వశమైనవి. 1757 జనవరిలో వారి సేనాని బుస్సీయొక్క సేన బొబ్బిలిని మట్టుపెట్టినది. ఆ సంవత్సరమే మాధవాయపాలెము, బెండమూర్లంక, ఇంజరము కోఠీలను ఫ్రెంచివారు స్వాధీనపరచుకొనిరి. బట్టలమూటలకు కాపలా యున్న కొద్దిపాటి తుపాకులు ఏమి చేయగలవు? మఱుసటియేడు డిసెంబరున బెంగాలునుండి వచ్చిన ఆంగ్లేయ సేనాని ఫోర్డు, విజయనగరము ఆనందగజపతిరాజు తోడ్పాటుతో, పిఠాపురమునకు చేరువ చందుర్తికడ ఫ్రెంచి సేనాని కాన్ఫ్లాన్స్‌ను ఓడించి మచిలీపట్టణముదాక తరిమెను. అసలు కథ అచ్చట నున్నది. 1759 మార్చి ఏప్రిలులలో ఫోర్డు కోటను చుట్టుముట్టి ఫిరంగులతో కొట్టుచుండగా, వెనుకనుండి నిజాము సలాబత్ జంగు సైన్యము సమీపించుచుండెను. సిపాయిలకు జీతములు లేవు. ఏప్రిల్ 7వ తేదీన ఫిరంగి అధికారులు వచ్చి రెండుదినములకు సరిపోవు మందుమాత్రమే మిగిలినదని విన్నవించిరి. వివేకియైన సేనాని వెనుదిరుగవలసిన సమయమది. ఫోర్డు ఆ రెండుదినముల మందును ఆనాటి పగలే గోడలమీద వెచ్చించి, రాత్రి బురదలోనుండి సేనను నడిపించి కోటను పట్టుకొనెను. తనకంటె ఎక్కువమందిని ఖైదుచేసిన ఆ సాహసమును చరిత్రకారులు ధైర్యమని వర్ణించినారు. ధైర్యమే కావచ్చును, కాని పీపాలు నిండియున్నచో ఆ రాత్రి ఆ ధైర్యమునకు అవసరము కలుగునా యని నాకు సందేహము.

పందొమ్మిదవ శతాబ్దమున రెండు మార్పులు వచ్చినవి. మొదటిది స్కాట్లండులో బెల్హెల్వీ గ్రామపు మతాచార్యుడైన ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందిన పేలుడుమందు. చెకుముకి తుపాకిలో రంజకము ముందు భగ్గుమని, క్షణము తరువాత గుండు బయలుదేరును. ఆ మెఱుపు చూచి నీటిపక్షులు ఎగిరిపోవుచుండుటచే విసిగిన ఈ పాదిరి, దెబ్బ తగులగానే పేలు రసాయనమును రంజకమునకు బదులు వాడెను. అది తరువాత చిన్న రాగి టోపీగా మారి, తెలుగుదేశపు నాటుతుపాకిని చేరి కేపు తుపాకి యను పేరు తెచ్చినది. వానలో రంజకము తడియు బాధ తప్పినందున వరిచేల ఉల్లంకిపిట్టలకును, పరజలకును ఇది అపకారమును, వేటగానికి మహోపకారమును అయినది. రెండవది 1853నాటి ఎన్ఫీల్డు తుపాకి. దాని మందు, ఇంచుమించు అఱువదియెనిమిది గ్రెయినులు, ముందుగానే కొలిచి గుండుతోపాటు కాగితపు పొట్లములో కట్టి సిపాయికి ఇచ్చెడివారు. ఆ పొట్లముమీది కొవ్వును గూర్చి 1857లో రగిలిన సంగతి అందఱు నెఱిగినదే. కొవ్వు మాట అటుంచి, ఇట్టి పొట్లము చెకుముకి తుపాకినాటినుండియే కొలతను సిపాయి చేతినుండి తప్పించినది. అప్పటినుండి వాడు పళ్ళతో చించి పోయువాడే గాని నిర్ణయించువాడు కాడు. వెనుకనుండి తూటా ఎక్కించు తుపాకులు వచ్చినపుడు ఆ కాస్త పోయుటయు పోయినది.

వైస్రాయి లిట్టన్ కాలమున వచ్చిన 1878 ఆయుధశాసనము భారతీయునికి లైసెన్సు లేక తుపాకిని గాని మందును గాని ఉంచుకొను హక్కు లేకుండ చేసెను. 1884 నాటి పేలుడుపదార్థముల శాసనము మందు చేయుటను అమ్ముటను కట్టుదిట్టము చేసెను. పెట్లుప్పు వండునప్పుడు మామూలు ఉప్పుకూడ దిగును గనుక, దానివలన పన్ను నష్టపోవుదుమను భయముతో ఉప్పు శాసనములును ఉప్పరుల పొయ్యిమీద కన్నువేసినవి. ఒకే మనిషిపైని మూడు చట్టములు! ఇందువలన ఒక వృత్తియే క్షీణించినది. అయినను 1879 మార్చిలో రంప కొండలలో చిగురుపన్నుపై తిరుగుబాటు లేచినప్పుడు మన్యపువారికి పాత వత్తితుపాకులు తోడైనవి. వానికి మందు కొండలోనే సమకూర్చుకొనవచ్చును. అల్లూరి సీతారామరాజు కాలమునకు పరిస్థితి తారుమారైనది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి ఆయన కొనిపోయిన తుపాకులు ఇరువదియాఱు; తూటాలు రెండువేల అయిదువందలు. తుపాకికి నూఱుకూడ రాని లెక్క. మూతినుండి మందు పోయు తుపాకికి అడవిలో బొగ్గును, రాతిగుండును దొరకును. తూటా తుపాకికి తూటా తప్ప మఱేదియు పనికిరాదు, ఆ తూటా శత్రువు ఠాణాలోనే యుండును. తరువాతి యేడాదిన్నరకు పైబడిన పోరాటమున ఆయన ఠాణాలపై మరల మరల దృష్టి నిలుపుటకు ఈ లెక్కయు నొక కారణముగా గ్రహింపవలెను.

సమతలమున, ముఖ్యముగా కోనసీమయందు, తుపాకి శాసనమునకు లోబడి గోడకెక్కినది. అమలాపురము వీథులలో దసరాదినములలో నేటికిని జరుగు చెడీ తాలింఖానాలో కత్తియు కఱ్ఱయు అగ్గిబరాటాయు తిరుగును గాని, తుపాకికి చోటు లేదు. ఖాకీ కోటు, దొరటోపీ, కొయ్యతుపాకి ధరించి, పదిపరగణాలు తనవేయని కోతలు కోయుచు ఊరూరు తిరుగు తుపాకి రాముడు మాత్రము పల్లెలయందు తుపాకిని స్వేచ్ఛగా మోసెను. ఆ వేషమున పరిహాసమెంతయో కక్షయు నంతే. లైసెన్సుగల దొరను చూచి నవ్వుటకు లైసెన్సు అవసరము లేదు గదా.

1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి యెదుట ఉంచిన పదునొకండు కోరికలలో ఉప్పుపన్ను రద్దుతోపాటు, ఆత్మరక్షణార్థము తుపాకుల లైసెన్సులు ప్రజాయత్తమైన అధికారము క్రింద ఇయ్యవలెనను కోరికయు నుండినది. అహింసావ్రతుని పట్టికలో అది కనబడుట కొందఱకు విడ్డూరము. స్వరాజ్యము వచ్చిన పిదప 1959 ఆయుధశాసనము పాత శాసనమును తొలగించి, నిజముగా పంటకాపలాకొఱకు మూతినుండి దట్టించు తుపాకిని కోరు పౌరునికి లైసెన్సు నిచ్చు విషయమును పదమూడవ విభాగములో ప్రత్యేకముగా పేర్కొన్నది. నూఱేండ్లు వెనుకబడిన యంత్రమును శాసనకర్తలు పేరు పెట్టి పిలుచుటకు కారణము దయ కాదు, లెక్క: నిమిషమునకు రెండుమూడు మారులకు మించి పేలని తుపాకివలన రాజ్యమునకు భయము లేదు, పందికి మాత్రము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణశాసనము పక్షివేటను కూడ బంధించుటతో కోనసీమ పంటపొలములలో మందుకొమ్మునకు మిగిలిన పనియు తగ్గిపోయినది. విచిత్రమేమనగా, అమెరికాలో ఒహాయో ఇండియానా ప్రాంతములవారు 1933లోనే మూతిదట్టింపు మరతుపాకుల సంఘమొకటి స్థాపించుకొని, అక్కడ బ్రతుకుతెరువైన గ్రెయినుల లెక్కను పోటీలలో వినోదముగా నిలుపుకొనిరి. మనకు అట్టి విరామము దొరకలేదు. శాసనము మొదట వచ్చినది, వినోదము తరువాతకూడ రాలేదు.

పెట్లుప్పు, బొగ్గు, గంధకము కోనసీమను విడువలేదు. కనుమనాడు మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు ఏకాదశరుద్రుల ప్రభలు తరలివచ్చునప్పుడు కాల్చు బాణసంచాలో అవే మూడు ద్రవ్యములు, వేరు పాళ్ళలో, ఇనుపగొట్టమునకు బదులు అట్టగొట్టములో దట్టింపబడుచున్నవి. తారాజువ్వకు తుపాకిమందు పనికిరాదు, అంత వేగముగా మండినచో గొట్టము చీలును. బొగ్గుపాలు పెంచి దానిని నిదానింపజేయుదురు. తేమ లెక్క యిక్కడను తప్పదు. సంక్రాంతి మంచులో బిగించిన జువ్వ కొబ్బరితోటల మీదికి లేచుటకు మాఱుగా నేలబారుగా పోవచ్చును గావున, పనివారు సామగ్రిని ఎండబెట్టిన తరువాతనే మందుపాలు ఖాయము చేసికొందురు.